తెలిసి చేసే దయ: ఇంటి పిట్టలు, సమదృష్టి, గృహస్థధర్మం

సకల ప్రాణులలో ఒకే చైతన్యాన్ని చూడగలగడమే జ్ఞానమని భారతీయ దర్శనాలలో చాలా భాగం బోధిస్తాయి. భగవద్గీత ఐదవ అధ్యాయం ప్రకారం విద్యావినయాలు గల బ్రాహ్మణుని, ఆవును, ఏనుగును, కుక్కను, కుక్కమాంసం తినేవానిని సమంగా చూడగలిగినవాడే పండితుడు. ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువుకు, ఒక్క మట్టిముద్ద స్వభావం తెలిస్తే మట్టితో చేసిన వస్తువులన్నీ తెలిసినట్టేననీ, వాటి మధ్య కనిపించే భేదం పేరుకు మాత్రమే పరిమితమనీ చెబుతాడు. ఈ బోధనే చివరిదాకా పట్టుకుపోతే ఒక సందేహం తప్పదు. ఇంటి చూరు కింద ఎగిరే పిట్టలలో ఇది వానకోయిల, ఇది ఊరపిచ్చుక, ఇది మరొకటి అని వేరుచేసి తెలుసుకోవడానికి, తోక చీలికనూ నడుము మీది మచ్చనూ గొంతు రంగునూ పోల్చి చూడటానికి పూనుకున్న మనిషి, దాటవలసిన నామరూపాలలోనే మరింత లోతుకు దిగుతున్నాడా, లేక సమదృష్టికి అవసరమైన పనే చేస్తున్నాడా అన్నది ఆ సందేహం.

ఈ వ్యాసం ప్రతిపాదించే సమాధానం రెండవది. భేదాన్ని ఎరగడం సమదృష్టికి విరుద్ధం కాదు; సమదృష్టి ఆచరణలోకి దిగాలంటే అది తొలిమెట్టు. దీనిని అడవిలోని పెద్ద మృగాల ఉదాహరణతో కాక ఇంటి పిట్టల ఉదాహరణతోనే పరీక్షించడం మేలు. అడవి జంతువు పట్ల మనిషి చూపే దయకు దూరం ఒక రక్షణ కల్పిస్తుంది, కాబట్టి ఆ దయకు పెద్దగా ఖర్చు ఉండదు. గడప లోపల గూడు కట్టి, గోడ మీద మట్టి చరిచి, నేల మీద రెట్ట వేసే పిట్ట విషయంలో దయ రోజూ చీపురుతో, సున్నంతో, ఇంటివారి ఓర్పుతో తలపడవలసి వస్తుంది.

ఈ సీమలో ఇంటి పిట్టలు

ఒకప్పుడు ఇందూరుగా పిలిచిన నిజామాబాదు పట్టణం, దానికి పడమరగా ఉన్న బోధన్ చెరకు సీమ ఈ పరీక్షకు తగిన చోట్లు. మంజీర నది మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆనకట్ట, దాని కాలువలు ఈ ప్రాంతపు నేలనూ పంటలనూ మార్చాయి. ఆ నీటిని ఆధారం చేసుకొని బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది, దాని చుట్టూ కార్మికుల ఇళ్ళు, గోదాములు, బంగళాలు లేచాయి. మనిషి తన పంట కోసం తవ్వుకున్న కాలువ, తన బండి దాటడానికి కట్టుకున్న కల్వర్టు, తన నెత్తిన నీడకు వేసుకున్న కప్పు, వీటిలో ఏదీ పక్షుల కోసం కట్టినది కాదు. అయినా రాతి కొండల అంచులలో, గుహలలో గూళ్ళు పెట్టుకునే స్వభావం గల చిన్న పక్షులకు ఇవన్నీ నీటికి దగ్గరలో వెలిసిన కొత్త గుహలయ్యాయి. ప్రసిద్ధ పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం ప్రభుత్వపు సహాయంతో హైదరాబాదు రాజ్యమంతటా పక్షుల సర్వే చేసిన కాలం, నిజాంసాగర్ నీరు ఈ పొలాలకు పారడం మొదలైన కాలం ఒకటే కావడం గమనించదగిన విషయం.

ఇళ్ళ చుట్టూ వేగంగా ఎగురుతూ కనిపించే చిన్న నల్లని పక్షులన్నింటినీ చాలామంది ఒకే జాతిగా భావిస్తారు. నిజానికి వాటిలో పరస్పరం దగ్గరి చుట్టరికం లేని రెండు కుటుంబాలు ఉన్నాయి. మొదటిది వానకోయిలల కుటుంబం, తెలుగు బైబిలులో వానకోవెల అనే పేరుతో కనిపించేదీ ఇదే. రెండవది పక్షిశాస్త్రంలో స్విఫ్ట్ అనే పేరు గల కుటుంబం. రెండూ గాలిలో ఎగిరే పురుగులను ఎగురుతూనే నోట పట్టి తింటాయి కనుక, ఒకే వృత్తి వాటి ఒడ్డూ పొడుగునూ ఒకేలా మలిచింది. వాటిని వేరుచేసే మొదటి గుర్తు కాళ్ళలో ఉంది. వానకోయిల కరెంటు తీగ మీద, కొమ్మ మీద హాయిగా కూర్చోగలదు. స్విఫ్ట్ కూర్చోలేదు, దాని నాలుగు వేళ్ళూ ముందుకే తిరిగి ఉండటం వల్ల నిలువు గోడను గోళ్ళతో పట్టుకొని వేలాడటం తప్ప దానికి మరో విశ్రాంతి భంగిమ లేదు. కాబట్టి తీగ మీద వరుసగా కూర్చున్న పిట్టలను స్విఫ్టులని ఎవరైనా అంటే ఆ గుర్తింపు తప్పని వెంటనే చెప్పవచ్చు.

వానకోయిలల లోపలి భేదాలు మరికొంత నిదానంగా చూస్తే గాని తెలియవు. వంతెనల కింద, పాత బంగళాల వసారా కప్పులకు మెడ పొడవైన సీసాను పడుకోబెట్టి అతికించినట్టు మట్టిగూడు కట్టేది ఎర్రనడుము వానకోయిల. ఎగిరేటప్పుడు దాని నడుము మీద తుప్పురంగు పట్టీ, లోతుగా చీలిన తోక, లేత పొట్ట మీద సన్నని గీతలు కనిపిస్తాయి. కాలువ కల్వర్టు కింద సగం కోసిన గిన్నె ఆకారంలో గూడు కట్టే మరో జాతికి నడినెత్తిన ఇటుకరంగు, తెల్లని పొట్ట, తోక చివర తీగల్లా సాగిన రెండు సన్నని ఈకలు ఉంటాయి; అది నీటిని వదిలి ఎక్కువ దూరం పోదు. వంతెనలకు, ఆనకట్ట గోడలకు గుంపుగా గూళ్ళు అతికించే జాతికి గొంతు మీద చారలుంటాయి. చలికాలంలో హిమాలయాల నుంచి, ఉత్తర ఆసియా దేశాల నుంచి దిగివచ్చి తీగల మీద బారులు తీరే వానకోయిలకు ముదురు ఎరుపు గొంతు, దాని కింద నల్లని అడ్డపట్టీ గుర్తులు. అది ఇక్కడ గూడు పెట్టదు, వేసవి ముదిరేలోగా వెళ్ళిపోతుంది. కోట గోడలలో, మేడల కిటికీల పైన కనిపించే మసిగోధుమ రంగు జాతి తోక విప్పినప్పుడు మాత్రమే అందులోని తెల్లని చుక్కలు బయటపడతాయి.

స్విఫ్టులలో ఇళ్ళను, గుడులను, మసీదులను ఆశ్రయించేది నల్లని ఒంటికి తెల్లని నడుము, తెల్లని గొంతు, పొట్టి తోక ఉన్న చిన్న జాతి. గాలిలో తేలే ఈకలను, గడ్డిపోచలను ఎగురుతూనే అందుకొని, తన లాలాజలంతో అతికి, రాతి దూలాల మూలల్లో అది గుంపులుగా గూళ్ళు కడుతుంది. నిజామాబాదు ఖిల్లా మీది రఘునాథాలయం, బోధన్‌లోని దేవల్ మసీదు వంటి రాతి స్తంభాల కట్టడాలు ఈ జాతికి సహజంగా నచ్చే తరహావి. ఊరి బయట తాటిచెట్ల చుట్టూ తిరిగే సన్నని గోధుమరంగు స్విఫ్ట్ వేరొక జాతి. అది తాటాకు అడుగుభాగానికే తన చిన్న గూటిని అతికించి, అందులోనే గుడ్లను కూడా అంటిస్తుంది.

వీటికి తోడు ఇంటి గోడల కన్నాలలో, దూలాల సందుల్లో ఉండే ఊరపిచ్చుక, ముంగిట్లో రెండు ఆకులను నారతో కుట్టి గూడు చేసే కుట్టుపిట్ట, దండెం తీగకు సంచిలాంటి గూడు వేలాడదీసే తేనెపిట్ట, గోడ మీద నిలిచి తోక నిక్కించే నల్లంచి, మామిడి గుబురులో పిల్లలు చేసే పిగిలిపిట్ట ఉన్నాయి. వీటిలో ప్రతి ఒక్కటీ మనిషికి దగ్గరగా బతకడానికి వేరు వేరు కారణాలు, వేరు వేరు షరతులు ఉన్నాయి. ధర్మవిచారానికి ఈ షరతులే ఆధారం.

భేదం తెలియని దయ

పైరు ఇంటికి వచ్చిన వేళ వరికంకులను కుచ్చుగా అల్లి, గుడి మండపంలోనో ఇంటి వసారాలోనో పిచ్చుకల కోసం వేలాడదీయడం తెలుగునాట ఎంతో కాలంగా ఉన్న ఆచారం. అది అందమైన ఆచారం, గింజ తినే పిచ్చుకకు నిజంగా ఉపకరించేది కూడా. అయితే అదే కుచ్చు వానకోయిలకు గాని స్విఫ్టుకు గాని ఏమీ కాదు, ఎందుకంటే అవి జీవితంలో ఒక్క గింజనైనా ముట్టవు. పిచ్చుక విషయంలోనైనా ఈ దానం సగమే. గుడ్డు నుంచి వెలువడిన పిచ్చుక పిల్లకు తొలి రోజుల్లో తల్లిదండ్రులు పెట్టేది ప్రధానంగా మెత్తని పురుగులు. కంకుల కుచ్చు వేలాడదీసి, పెరటి మొక్కలన్నిటికీ పురుగుమందు చల్లే ఇల్లు ఒక చేత్తో ఇచ్చినదాన్ని రెండో చేత్తో తీసుకుంటోంది, పైగా ఆ సంగతి ఇంటివారి ఎరుకలో లేదు.

స్విఫ్ట్ ఒకటి దారి తప్పి ఇంట్లో నేల మీద పడితే ఈ అజ్ఞానం మరింత స్పష్టమవుతుంది. పొట్టికాళ్ళ వల్ల చదును నేల నుంచి లేవడం దానికి ఎంతో కష్టం. ఒంటికి ఏ గాయమూ లేకున్నా అక్కడే చిక్కిపోవచ్చు. దయగల మనిషి దానికి దెబ్బ తగిలిందని అనుకొని గూటిలో పెట్టి, నూకలు చల్లి, గిన్నెతో నీళ్ళు పెడితే ఆ దయే దాని ప్రాణం తీస్తుంది. దాని స్వభావం తెలిసినవారు చేసే పని వేరు. విప్పిన అరచేతిలో దాన్ని ఉంచుకొని, ఆరుబయట చేతిని ఎత్తి పట్టి, విసరకుండా ఓపికగా నిలబడతారు. పక్షి ఆరోగ్యంగా ఉంటే గాలి తగలగానే తానే రెక్క విప్పి పోతుంది. ఇద్దరి మనసులోనూ ఉన్నది ఒకే దయ. ఫలితాన్ని వేరుచేసింది గుర్తింపు ఒక్కటే.

గూడు విషయమూ ఇంతే. వానకోయిల నీటి ఒడ్డున దిగి, ముక్కుతో చిటికెడు తడిమట్టి తీసుకొని, దానిని ముద్దగా అదిమి, ముందు పెట్టిన ముద్ద ఆరిన తరువాతనే దాని అంచున మరొకటి అతుకుతుంది. ఇటువంటి ముద్దలు వందల సంఖ్యలో కూడితే గాని ఒక గూడు పూర్తి కాదు, దానికి రోజులు పడుతుంది, అందులో తేమ తగ్గినా గోడ నున్నగా ఉన్నా పని చెడిపోతుంది. పండుగ ముందు సున్నం వేయడానికి ఆ గూటిని కర్రతో రాల్చిన ఇంటివారికి అది మట్టి మరక. దానిని కట్టిన జీవికి అది ఆ ఏటి సంతానం. ఈ రెండు విలువల మధ్య దూరం క్రూరత్వం వల్ల ఏర్పడలేదు; చూడకపోవడం వల్ల ఏర్పడింది.

పోదన నగరపు వారసత్వం

దయకు ముందు జ్ఞానం ఉండాలనే సిద్ధాంతాన్ని అత్యంత నిష్కర్షగా ప్రకటించినది జైన సంప్రదాయం. ఆ సంప్రదాయానికి బోధన్‌తో ఉన్న బంధం పాతది. షోడశ మహాజనపదాలలో ఒకటైన అశ్మక దేశపు రాజధాని పోదనం లేదా పోతలి ఈ బోధనేనని చరిత్రకారులలో చాలామంది అభిప్రాయం. తరువాతి కాలంలో వేములవాడ చాళుక్యుల తొలి పాలనకూ ఇది కేంద్రమైంది. జైన పురాణాలలో మొదటి తీర్థంకరుడైన ఋషభుని కుమారుడు బాహుబలి ఏలిన పోదనపురాన్ని కూడా కొందరు ఇక్కడే గుర్తించారు. అన్న భరతుని ద్వంద్వయుద్ధంలో ఓడించి కూడా రాజ్యాన్ని విడిచిపెట్టిన బాహుబలి, ఏడాదిపాటు కదలకుండా నిలిచి తపస్సు చేయగా లతలు అతని కాళ్ళను చేతులను చుట్టుకున్నాయని ఆ పురాణాలు చెబుతాయి. వేములవాడ చాళుక్య రాజు రెండవ అరికేసరి ఆస్థానకవి అయిన పంపడు 941లో రచించిన కన్నడ ఆదిపురాణంలో ఈ కథ విస్తారంగా ఉంది.

జైన ఆగమమైన దశవైకాలిక సూత్రం ప్రకారం జ్ఞానం మొదటిది, దయ దాని తరువాతిది. ఏది జీవమో ఏది అజీవమో ఎరగనివాడు సంయమాన్ని ఎలా పాటించగలడన్నది దాని వాదం. అందువల్లనే ఆ సంప్రదాయం జీవుల వర్గీకరణను మతవిద్యలో భాగంగా నేర్పింది. జీవులను ఇంద్రియాల సంఖ్యను బట్టి విభజించి, పక్షులను ఐదు ఇంద్రియాలు గల తిర్యక్కులలో, అంటే మనుష్యులూ దేవతలూ నారకులూ కాని జీవులలో చేర్చింది. వాటిలో మళ్ళీ గబ్బిలం వంటి చర్మపక్షులు, ఈకలు గల రోమపక్షులు, రెక్కలు ఎప్పుడూ ముడుచుకొనే ఉండే సముద్గపక్షులు, ఎప్పుడూ విప్పుకొనే ఉండే వితతపక్షులు అని నాలుగు తెగలను చెప్పింది. చివరి రెండు తెగలు మనుష్యలోకం వెలుపలివని ఆ సంప్రదాయమే అంటుంది. ఈ వర్గీకరణ నేటి జీవశాస్త్రంతో సరిపోలదు. అయినా దాని వెనుక ఉన్న ఉద్దేశం నేటికీ చెల్లుతుంది. ఏ జీవి ఎలా బాధపడుతుందో తెలుసుకోవడం ఆ సంప్రదాయం దృష్టిలో కుతూహలం తీర్చుకోవడం కాదు, వ్రతంలో భాగం.

అదే చాళుక్యుల ఆశ్రయంలో సోమదేవసూరి 959లో పూర్తిచేసిన యశస్తిలక చంపువు ఈ సిద్ధాంతానికి రెండవ పార్శ్వాన్ని చూపుతుంది. యశోధరుడనే రాజు తల్లి ఒత్తిడికి లొంగి, నిజమైన కోడికి బదులు పిండితో చేసిన కోడిని బలి ఇస్తాడు. ప్రాణం లేని పిండిబొమ్మే అయినా చంపాలనే సంకల్పం అక్కడ ఉంది కనుక రాజు నెమలిగా, తల్లి కుక్కగా మొదలుపెట్టి జన్మపరంపరలో పడతారు. జైనులు భావహింస అని పిలిచేది ఇదే, అంటే చేత జరగకపోయినా మనసులో జరిగిన హింస. సంకల్పం శుద్ధంగా ఉండి జ్ఞానం లేకపోతే స్విఫ్టుకు నూకలు పెట్టిన దయ మిగులుతుంది. జ్ఞానం ఉండి సంకల్పం చెడితే పక్షుల స్వభావం చక్కగా తెలిసిన వేటగాడు మిగులుతాడు. అహింసకు రెండూ కావాలి.

జాజలి, తులాధారుడు

భేదజ్ఞానానికీ సమదృష్టికీ గల సంబంధాన్ని అన్నిటికన్న లోతుగా విచారించిన కథ మహాభారత శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన జాజలి తులాధారుల సంవాదం. జాజలి అనే తపస్వి కట్టెలా కదలకుండా నిలబడి ఉండగా, ఒక పిచ్చుకల జంట అతని జడలలో గడ్డిపోచలతో గూడు కట్టింది. అది గ్రహించిన తపస్వి కదలలేదు. వానలు వెళ్ళాయి, శరత్తు వచ్చింది, గుడ్లు పెట్టాయి, పిల్లలు వెలువడ్డాయి, రెక్కలు వచ్చాయి. పిల్లలు పగలు ఎగిరిపోయి సాయంకాలం తిరిగి రావడం, తరువాత కొన్నాళ్ళకోసారి రావడం, చివరికి నెల గడిచినా రాకపోవడం, ఇవన్నీ పూర్తయ్యేదాకా జాజలి నిలిచే ఉన్నాడు. గూడు కట్టే పక్షి జీవితక్రమం మీద ఇంత నిశితమైన పరిశీలన ఒక ధర్మోపాఖ్యానంలో ఉండటం విశేషం. పిల్లలు ఒక్కసారిగా గూడు విడిచిపోవనీ, కొన్నాళ్ళు వస్తూ పోతూ ఉంటాయనీ ఈ కథ చెప్పినవారికి తెలుసు.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే అది కరుణకు ఉదాహరణగా మాత్రమే మిగిలేది. పక్షులు ఇక రావని తేలాక జాజలి భుజాలు చరుచుకొని, తనకు ధర్మం సిద్ధించిందని ఆకాశం వైపు కేక వేశాడు. వారణాసిలో తులాధారుడనే వర్తకుడు ఉన్నాడనీ, ఆయన కూడా అలా అనుకోదగడనీ, జాజలి ఆయనకు సాటిరాడనీ ఒక అదృశ్యవాణి పలికింది. అసూయతో జాజలి వారణాసికి వెళ్ళి చూస్తే తులాధారుడు కొట్టులో సరుకులు తూస్తూ కనిపించాడు. తన తక్కెడ సకల భూతాల పట్ల సమంగా ఉంటుందనీ, ఎవరిపట్లా ద్రోహం లేకుండా బతకడమే తనకు తెలిసిన ధర్మమనీ ఆయన చెప్పాడు.

ఈ తక్కెడ స్వరూపాన్ని ఆలోచిస్తే మొదటి సందేహానికి మార్గం దొరుకుతుంది. తక్కెడ సమంగా ఉండటం అంటే అన్ని వస్తువులూ ఒకే బరువని ప్రకటించడం కాదు. ఏ వస్తువు బరువును ఆ వస్తువుకు ఉన్నదున్నట్టు చూపడం, తూచేవాని ఇష్టాయిష్టాలను బట్టి ముల్లు ఒరగకపోవడం దాని సమత్వం. అన్నింటినీ ఒకే బరువుగా చూపే తక్కెడ సమమైనది కాదు, చెడిపోయినది. సమదృష్టి కూడా ఇటువంటిదే. పిచ్చుకకూ వానకోయిలకూ స్విఫ్టుకూ ఒకే ఆదరం ఇవ్వడం అంటే మూడింటికీ ఒకే దోసెడు నూకలు చల్లడం కాదు. ఒకదానికి కన్నం, ఒకదానికి తడిమట్టి, ఒకదానికి అంతరాయం లేని గాలి దారి అవసరమని ఎరిగి, మూడు అవసరాలకూ ఒకే గౌరవం ఇవ్వడం. శంకరాచార్యుల అద్వైతం కూడా నామరూపాలను పరమార్థంలోనే నిరాకరిస్తుంది. వ్యవహారంలో, అంటే దైనందిన జీవన స్థాయిలో, వాటిని అంగీకరిస్తుంది. ధర్మం ఆచరించవలసింది వ్యవహారంలోనే కనుక, అక్కడ భేదాన్ని ఎరగకుండా అభేదాన్ని పలకడం జ్ఞానం కాదు, బద్ధకం.

కథలో జాజలి చేసిన లోపం కూడా ఈ చర్చకు అవసరమే. గూటిని కాపాడినంత కాలం అతని దృష్టి పక్షుల మీద ఉంది. కాపాడటం పూర్తయిన క్షణంలో అది తన మీదికి తిరిగింది. శ్వేతాంబర జైనుల కథనంలో బాహుబలికి సైతం ఏడాది తపస్సు తరువాత కేవలజ్ఞానం కలగకుండా అడ్డుపడింది మిగిలిపోయిన అభిమానమే. భారత కథలో చివరికి సాక్ష్యం చెప్పింది పక్షులే. తులాధారుని సూచనతో జాజలి పిలువగా అతని తల మీద పెరిగిన ఆ పక్షులు వచ్చి, స్పర్ధ శ్రద్ధను చంపుతుందనీ, శ్రద్ధ చచ్చిన చోట ధర్మం నిలవదనీ బోధించాయి. పక్షులను చూసి గుర్తించే అలవాటులోనూ ఈ ప్రమాదం ఉంది. చూసిన జాతుల పట్టిక పెంచుకోవడమే లక్ష్యమైనప్పుడు పక్షి సాధనమైపోతుంది, చూసేవాడు జాజలి అవుతాడు. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద ఉన్న రెండు పక్షులలో ఒకటి పండు తింటుంది, రెండవది తినకుండా చూస్తుంది. ఆ రెండవదానిని వేదాంతులు సాక్షి అన్నారు. కోరకుండా, పట్టుకోకుండా, నిదానంగా చూడటం నేర్పే ఏ అభ్యాసమైనా మనిషిని ఆ సాక్షికి కొంత దగ్గర చేస్తుంది.

మసీదు గోడ, బలిపీఠం

ఈ విచారం ఒక్క మతానికి పరిమితం కాదు. నిజామాబాదు, బోధన్ వీధులలో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి, అక్కడ ఈ పిట్టలను అబాబీల్ అంటారు. ఏనుగులతో కాబా మీదికి దండెత్తిన సైన్యాన్ని గుంపులుగా వచ్చిన పక్షులు మట్టిరాళ్ళతో నాశనం చేశాయని ఖురాన్ 105వ అధ్యాయం చెప్పే కథ ఆ పేరుతో ముడిపడి, ఆ పిట్టకు గౌరవం తెచ్చింది. అంతకంటే ఈ చర్చకు దగ్గరైనది ఖురాన్ ఆరవ అధ్యాయం చెప్పే మాట: నేల మీద తిరిగే జంతువులూ రెక్కలతో ఎగిరే పక్షులూ మనుష్యుల వంటి సముదాయాలే. సముదాయం అన్నప్పుడు దానికి తనదైన నడవడి, తనదైన మర్యాద ఉంటాయని అర్థం. వాటిని ఎరగకుండా ఆ సముదాయంతో న్యాయంగా మెలగడం సాధ్యం కాదు. ఒక చిన్న పిట్ట పిల్లలను సహచరులు తీసుకురాగా తల్లి రెక్కలు కొట్టుకుంటూ తిరగడం చూసి, పిల్లలను తిరిగి ఇచ్చివేయమని ప్రవక్త ఆదేశించినట్టు హదీసు, అంటే ప్రవక్త మాటలనూ చేతలనూ తెలిపే సంప్రదాయం, చెబుతుంది.

క్రైస్తవుల కీర్తనల గ్రంథంలో 84వ కీర్తన పిచ్చుకకు నివాసమూ వానకోవెలకు గూటిస్థలమూ దేవుని బలిపీఠం దగ్గరే దొరికాయని భక్తుడు అసూయపడేటంతగా వర్ణిస్తుంది. ఆరాధనాస్థలం శుభ్రంగా ఉండాలనే నియమం యూదుల దేవాలయంలో ఎంత కఠినమైనదో తెలిసినవారికి, అక్కడ గూటికి చోటు ఉండటం ఎంత పెద్ద మాటో అర్థమవుతుంది. ఆలయం, మసీదు, చర్చి మూడింటి ఎత్తైన కప్పులూ ఈ చిన్న జీవులకు ఒకే విధంగా ఉపయోగపడటం యాదృచ్ఛికమే కావచ్చు. ఆ మూడింటి గ్రంథాలూ వాటికి చోటిమ్మని చెప్పడం మాత్రం యాదృచ్ఛికం కాదు.

పంచసూనలు

ఇక్కడ బలమైన ఆక్షేపణ ఒకటి ఎదురవుతుంది. ఇల్లు అంటేనే కొంత హింస. ఊడ్వకుండా, వండకుండా, పురుగు పుట్రను తోలకుండా ఏ కాపురమూ సాగదు. వానకోయిల సైతం రోజంతా ఎగిరే పురుగులను చంపే బతుకుతుంది. అటువంటప్పుడు ఒక గూటి గురించి ఇంత విచారం ఎందుకని అడగవచ్చు.

ధర్మశాస్త్రం ఈ ఆక్షేపణను ముందే ఊహించింది. మనుస్మృతి మూడవ అధ్యాయం గృహస్థుని ఇంట్లో ఐదు సూనలు, అంటే వధాస్థానాలు, ఉంటాయని లెక్కిస్తుంది: పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీళ్ళకుండ. వీటిని వాడే ప్రతి గృహస్థుడూ తెలియకుండానే ప్రాణులను చంపుతున్నాడు కనుక, ఆ ఋణం తీర్చడానికి రోజూ ఐదు మహాయజ్ఞాలు చేయాలని విధిస్తుంది. వాటిలో ఒకటైన భూతయజ్ఞం కుక్కలకు, పక్షులకు, పురుగులకు అన్నంలో భాగం పెట్టడం. దానిని విసిరివేయకుండా నేల మీద మెల్లగా ఉంచాలని కూడా స్మృతి చెబుతుంది. ఈ ఏర్పాటులోని నిజాయితీ గొప్పది. ఇల్లు హింస లేని చోటని అది నటించదు, హింస తప్పదు కాబట్టి చింత వద్దనీ అనదు. అది హింసను అప్పుగా పద్దు రాస్తుంది, అప్పు ఉన్నవానికి తీర్చే బాధ్యత ఉంటుంది. ఈ దృష్టిలో గూటిని కాపాడటం పుణ్యం సంపాదించే పని కాదు. పడిన బాకీలో కొంత చెల్లించే పని. జాజలి పొరబడింది ఇక్కడే, బాకీ చెల్లింపును అతడు ఆర్జన అనుకున్నాడు.

అరణ్యపర్వంలోని కౌశికుని కథ కూడా గృహస్థులకు దగ్గరిదే. చెట్టు కింద కూర్చున్న కౌశికుని మీద కొంగ రెట్ట వేసింది, అతడు కోపంతో చూడగానే ఆ పక్షి చచ్చి పడింది. తరువాత భిక్షకు వెళ్ళినచోట ఒక ఇల్లాలు తాను కొంగను కాదని హెచ్చరించి, ధర్మం నేర్చుకోవడానికి మిథిలలోని మాంసవిక్రేత దగ్గరికి పంపింది. ఆ ధర్మవ్యాధుడు దున్నే నాగలి కింద, నడిచే పాదం కింద ప్రాణులు చస్తూనే ఉంటాయనీ, లోకంలో పూర్తిగా హింస చేయనివాడు లేడనీ, అందుకే తగ్గించుకోగలిగినంత తగ్గించుకోవాలనీ బోధించాడు. గోడ మీది రెట్టను చూసి కర్ర అందుకొనే గృహస్థునికి కౌశికుని కోపం కొత్త కాదు, కథ చూపిన దారి కూడా మూసుకుపోలేదు.

ఈ సీమలో చేయవలసినది

నిజామాబాదు జిల్లాలో గత కొన్ని దశాబ్దాలలో ఇంటి రూపమే మారింది. దూలాల మధ్య సందులు, గోడలలో గూళ్ళు, గూనపెంకుల కింద చీకటి పొరలు ఉన్న ఇళ్ళ స్థానంలో నున్నని స్లాబు ఇళ్ళు, రేకుల కప్పులు వచ్చాయి. శక్కర్‌నగర్ కర్మాగారం 2015 చివరలో మూతపడింది. చెరకు తగ్గి, దాని స్థానంలో ఎక్కువగా వరి వచ్చింది. మనిషి బతుకుదెరువు మారినప్పుడు అతని ఇంటిని నమ్ముకొన్న జీవుల బతుకుదెరువు కూడా మారుతుంది, ఆ మార్పులో వాటి అభిప్రాయం ఎవరూ అడగరు. దేశవ్యాప్త పరిశీలనలను క్రోడీకరించి 2020లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక, ఊరపిచ్చుక దేశం మొత్తం మీద నిలకడగానే ఉన్నా పెద్ద నగరాలలో తగ్గిందని తేల్చింది. పల్లెలు, చిన్న పట్టణాలు నగరాల దారినే ఇళ్ళు కట్టుకుంటున్నప్పుడు ఈ వ్యత్యాసం హెచ్చరికగా తీసుకోదగినది. గుర్తించి లెక్కపెట్టే వేలాదిమంది సామాన్యులు లేకపోతే ఈ మాత్రం నిజమైనా తెలిసేది కాదు.

చేయవలసిన పనులు పెద్దవి కావు, కాని ప్రతి పనికీ ఏ పిట్టో తెలియడం ముందస్తు అవసరం. వేసవి నుంచి వానాకాలం చివరిదాకా మట్టిగూడు కనిపిస్తే, పిల్లలు పూర్తిగా విడిచిపోయేవరకు సున్నం పనిని ఆ మూలలో ఆపడం. రెట్ట సమస్య అయితే గూటిని రాల్చకుండా దాని కింద చిన్న పలక బిగించడం. ఎండాకాలంలో కాలువ కట్టేసినప్పుడు పెరటి కుళాయి దగ్గర కొద్దిపాటి నేలను తడిగా ఉంచడం. పిచ్చుక పిల్లలున్న రోజులలో పెరటి మొక్కలకు పురుగుమందు మానడం. గుడిలోనో మసీదులోనో మరమ్మతులు చేసేటప్పుడు స్విఫ్టులు పిల్లలు చేసే నెలలు దాటేదాకా రాతి సందులను పూడ్చకుండా ఉంచడం, ఇవన్నీ ఎవరి సంపాదననూ తగ్గించవు. బడి పిల్లలకు రామాయణ భారత కథలతో పాటు తమ బడి వసారాలో గూడు కట్టిన పిట్ట పేరును, అది తినేదాన్ని, అది వచ్చిపోయే నెలలను నేర్పితే, భూతదయ అనే పాఠ్యపుస్తకపు మాటకు ఆధారం దొరుకుతుంది.

గృహప్రవేశం నాడు వాస్తుపూజ చేసి, దిక్పాలకులకు బలులు సమర్పించే సంప్రదాయం ఈ సీమలో నేటికీ బలంగా ఉంది. ఆ సంప్రదాయాన్ని నిలిపే పురోహితులు, ఇల్లు కట్టే మేస్త్రీలు, పటం గీసే ఇంజనీర్లు ఒక్కమాట మీదికి వచ్చి, గోడలో ఒక కన్నాన్నీ చూరు కింద ఒక గరుకు అంచునూ ఇంటి కొలతలలోనే చేర్చాలి. అన్నం ముద్దతో చేసిన భూతయజ్ఞం వానకోయిలకూ స్విఫ్టుకూ అందదు. వాటికి అందే యజ్ఞం ఇంటి నిర్మాణంలోనే జరగాలి. ఏ పిట్టకు ఏది అందుతుందో తెలుసుకొని ఇవ్వడమే నేటి గృహస్థుడు ఆ పాత ఋణాన్ని చెల్లించగల పద్ధతి, ఆ తెలుసుకోవడానికి తల ఎత్తి నిదానంగా చూడటం తప్ప మరో ఖర్చు లేదు.